రంగు ఎంచుకోవాల్సింది ఆ ఇంట్లో ఉండేవాళ్లు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలో ఇంటి అలంకరణ పేజీని నేను శ్రద్ధగా చదువుతాను. ఆ పేజీలో ఏ రంగు ఫొటో పడితే, సోమవారం ఆ ముక్క కత్తిరించుకునో, ఫోన్లో ఫొటో తీసుకునో మా కొట్టుకు వచ్చేవాళ్లు ఉంటారు. తణుకులో మాది రంగుల కొట్టు. మా మావగారి రోజుల్లో సున్నం, నీలిమందు, జేగురు, వార్నిషు అమ్మేవారు. ఇప్పుడు కంప్యూటర్‌తో నడిచే టింటింగ్ మెషిన్ ఉంది. సరుకు, బాకీల పని మావారు చూసుకుంటారు. కౌంటర్లో కూర్చొని షేడ్ కార్డు చూపించేది, రంగు కలిపి ఇచ్చేది నేను.

ఈమధ్య వచ్చేవాళ్లలో ఎక్కువమంది అడిగేది న్యూట్రల్ కలర్సే. తెలుపు, దంతపు రంగు, ఇసుక రంగు, లేత బూడిద, ఇసుకా బూడిదా కలిసిన గ్రేజ్. హాలు గోడలకూ అవే, వంటింట్లో కప్‌బోర్డులకూ అవే. ఆ రంగులు నాకూ ఇష్టమే. మన ఇళ్లలో గుమ్మానికి పసుపు ఉంటుంది, మామిడాకులు ఉంటాయి, పెళ్లి ఫొటోలు ఉంటాయి, పండక్కి బంతిపూలు వస్తాయి. గోడ నెమ్మదిగా ఉంటే ఇవన్నీ బాగా కనపడతాయి. నేను రాస్తున్నది వాటిని వద్దనడానికి కాదు. వాటిని ఎంచుకుంటున్న తీరు చూసి బాధ కలిగి రాస్తున్నాను. రంగు ఒకచోట చూస్తున్నారు, ఇంకోచోట వేస్తున్నారు. ఎంచుకునేది ఒకరు, రోజంతా ఆ గోడల మధ్య ఉండేది ఇంకొకరు.

లేత రంగే కదా, ఏదో ఒకటి వేసేస్తే గొడవ ఉండదు అనుకొని వస్తారు. నిజానికి మా దగ్గరకు తిరిగి వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ ఈ రంగుల మీదే. ముదురాకుపచ్చ వేయించుకున్నవాళ్లు వచ్చి ఇది ఆకుపచ్చలా లేదని అనరు. లేత బూడిద వేయించుకున్నవాళ్లు వచ్చి, "గోడ నీలంగా ఉందండీ, మేం అడిగింది ఇది కాదు" అంటారు. డబ్బా మూత మీద లేబుల్ చూపిస్తే అడిగిన షేడే ఉంటుంది.

అది ఎలా జరుగుతుందో మీ పాఠకులకు తెలియాలి. మెషిన్ కింద తెల్లటి బేస్ డబ్బా పెడతాం. అందులోకి నలుపు, పసుపు ఆక్సైడ్, ఎరుపు ఆక్సైడ్ లాంటి చిక్కటి రంగులు చుక్కల లెక్కన పడతాయి. తెలుపులో నలుపు ఒక్కటే పడితే వచ్చే బూడిద నీలం వైపు లాగుతుంది. పసుపు ఆక్సైడ్ తగిలితే ఇసుక వైపు వస్తుంది. ఎరుపు కాస్త ఎక్కువైతే గులాబీ వైపు పోతుంది. షేడ్ కార్డులో ఉండే చిన్న ముక్క మీద ఈ లాగుడు కంటికి దొరకదు. నాలుగు గోడలకూ వేశాక ఒక గోడ మీద పడిన వెలుతురు ఎదురు గోడ మీద కొడుతుంది, అప్పుడు అదే ముందుగా కనపడుతుంది. కార్డు మీదే పట్టుకోవాలంటే ఒక దారి ఉంది. మీరు మెచ్చిన లేత షేడ్ ఉన్న వరుసలోనే కింద ముదురు షేడ్ ఉంటుంది, దాన్ని చూడండి. అది నీలంగా ఉంటే మీ లేత బూడిదలోనూ నీలం ఉన్నట్టే. తెల్ల కాగితం పక్కన పెట్టి చూసినా తెలుస్తుంది.

మన అమ్మమ్మలకు ఇది తెలుసు. సంక్రాంతికి ముందు వెల్ల వేసేటప్పుడు సున్నంలో నీలిమందు కలిపేవారు. సున్నంలో ఉండే పసుపు ఛాయను ఆ నీలం చంపేసి గోడ తెల్లగా మెరిసేలా చేసేది. ముందు కొంచెం గోడకు పూసి, ఆరనిచ్చి చూసి, నీలం ఎక్కువైతే ఇంకాస్త సున్నం కలిపేవారు. ఎంత కలపాలో ఏ కార్డూ చెప్పేది కాదు. ఆ ఇంటి గోడ మీద, ఆ ఇంటి వెలుతురులో చూసి చెప్పేవారు.

అత్తిలి వైపు ఒక ఊళ్లో వయసు మళ్లిన దంపతులు ఉండే ఇల్లు గురించి చెబుతాను. కొడుకు అమెరికాలో ఉంటాడు. ఇంటికి రంగులు వేయిస్తూ, అక్కడి తన హాలు ఫొటో వాట్సాప్‌లో పంపాడు. ఆ బూడిదే కావాలన్నాడు. ఫొటోలో గోడ వెచ్చగా, మెత్తగా ఉంది. పెయింటర్ ఆ ఫొటో పట్టుకొని కార్డులో దగ్గరగా ఉన్న షేడ్ చూసి నంబరు చెప్పాడు, డబ్బాలు వెళ్లిపోయాయి. పని అయ్యాక ఆ పెద్దావిడ కొట్టుకు వచ్చింది. "అమ్మా, ఇల్లు ఆసుపత్రిలా ఉంది, సాయంత్రం లైటు వేస్తే నాకు దిగులేస్తోంది" అంది. నేను వెళ్లి చూశాను. కింద నీలం తాండూరు బండలు. హాలుకు ఉత్తరం వైపు ఒక్కటే కిటికీ, ఎండ నేరుగా పడదు, వచ్చే వెలుతురు చల్లగా ఉంటుంది. పైన తెల్లటి ఎల్ఈడీ ట్యూబులు. నీలం వైపు లాగే బూడిదకు ఈ మూడూ తోడయ్యాయి. గోడ లావెండర్ రంగుకు తిరిగింది.

ఎల్ఈడీ పెట్టె మీద ఒక అంకె ఉంటుంది, కె (కెల్విన్) అక్షరంతో. వెలుతురు ఏ రంగు వైపు ఉంటుందో చెప్పేది అదే. మన ఊళ్లలో ఎక్కువగా పెట్టుకునేవి 6500 కె, అంటే నీలం వైపు ఉన్న తెల్ల వెలుతురు. 2700, 3000 కె బల్బులు పాతకాలపు బల్బులా పసుపుపచ్చగా వెలుగుతాయి. అమెరికా ఇళ్లలో ఆ పచ్చటి వెలుతురు వాడకం ఎక్కువ. పైగా ఫోన్ కెమెరా తనంతట తానే తెలుపును సరిచేసుకుంటుంది. అక్కడి బల్బు కింద, అక్కడి చెక్క ఫ్లోరింగు మీద బాగున్న బూడిద ఇక్కడి ట్యూబు కింద, తాండూరు బండ మీద అలాగే ఉంటుందని ఎలా అనుకుంటాం? ఆ ఇంట్లో ముందు బల్బులు 4000 కెకు మార్పించాం, సగం దిగులు పోయింది. తర్వాత రెండు గోడలకు పసుపు ఆక్సైడ్ ఎక్కువ ఉన్న ఇసుక రంగు వేయించారు. ఆ కొడుకును తప్పుపట్టను. అమ్మానాన్నల ఇల్లు బాగుండాలనే పంపాడు. కానీ ఆ బూడిద మధ్య రోజంతా కూర్చునేది వాళ్లమ్మ. ఆవిణ్ని ఎవరూ అడగలేదు.

నేల గురించి ఇంకో మాట. మనలో ఎక్కువమంది గోడల రంగు ముందు తేల్చేసి తర్వాత మిగతావి వెతుక్కుంటారు. వరుస తిరగబడాలి. బండలు, గ్రానైటు, సన్‌మైకా, ఇవన్నీ బజారులో ఉన్న రంగుల్లోనే దొరుకుతాయి. గోడ రంగు మాత్రం ఎలా కావాలంటే అలా కలిపి ఇవ్వగలం. అందుకని కదలని వాటిని ముందు తేల్చుకొని, గోడను చివరికి ఉంచుకోవాలి. బేతంచర్ల బండలున్న ఇంటికి ఒకటి నప్పుతుంది, క్రీమ్ టైల్స్ ఉన్న ఇంటికి ఒకటి, పాత ఎర్ర గచ్చుకు ఇంకొకటి. ఎర్ర గచ్చు ఉన్న ఇళ్లు మా చుట్టుపక్కల ఊళ్లలో ఇంకా ఉన్నాయి. వాటికి చల్లటి బూడిద వేయిస్తామంటే నేను గట్టిగా వద్దంటాను, దంతపు రంగు వేయమంటాను. టేకు గుమ్మాలకు పాలిష్ వేయించుకున్న ఇళ్లకూ అదే మాట. కోనసీమ నుంచి వచ్చేవాళ్లకు ఇంకో సంగతి చెబుతుంటాను. కిటికీ ముందే కొబ్బరి చెట్లు, అరటి చెట్లు ఉంటే మధ్యాహ్నం వాటి పచ్చదనం లోపలి తెల్ల గోడ మీద పడుతుంది. ఎదురింటివాళ్లు గులాబీ రంగు వేసుకుంటే అదీ పడుతుంది.

ఇవన్నీ గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు. రెండడుగుల అట్టో ప్లైవుడ్ ముక్కో తీసుకొని, ప్రైమర్ కొట్టి, అనుకున్న రంగు రెండు కోటింగులు వేసి, రాత్రంతా ఆరనివ్వాలి. గోడలకు వేసే ఎమల్షన్ రంగు తడి మీద లేతగా కనపడి ఆరాక ముదురుతుంది, కాబట్టి తడి మీద చూసి ఏదీ అనుకోకూడదు. ఆ ముక్కను గుమ్మం పక్కన, బండ మీద ఆనించి, సోఫా వెనక, పొయ్యి వెనక పెట్టి చూడాలి. పొద్దున, మధ్యాహ్నం, లైట్లు వేశాక. నేరుగా పాత గోడ మీద పూసి చూడకండి, చుట్టూ ఉన్న పాత రంగు కంటిని మోసం చేస్తుంది. చిన్న డబ్బా కలిపి ఇమ్మని కొట్లో అడగండి.

కష్టం ఎక్కడొస్తుందంటే, గోడలకు లప్పం (పుట్టీ) పని నడుస్తున్నన్నాళ్లూ ఎవరూ రంగు సంగతి ఎత్తరు. లప్పం, ఎమరీ పేపరు, ప్రైమరు అన్నీ అయిపోయాక మేస్త్రీ "రేపు పొద్దున్నే డబ్బాలు కావాలి, మనుషులు ఖాళీగా ఉంటారు" అంటాడు. అప్పుడు రాత్రి కొట్టు మూసే వేళకు కుటుంబమంతా వచ్చి, మా కొట్టు ట్యూబులైటు కింద, నిలబడిన కాళ్ల మీద తేల్చేస్తారు. ఇంకో పదేళ్ల దాకా చూడాల్సిన గోడ అది. లప్పం మొదలుపెట్టిన రోజే శాంపిల్ ముక్కలు కూడా మొదలుపెడితే ఎవరికీ టెన్షన్ ఉండదు.

వంటింటి సంగతికి వస్తే నాకు కోపమే వస్తుంది. కప్‌బోర్డుల రంగు చూడటానికి భర్త వస్తాడు, ఇంటీరియర్ కుర్రాడు వస్తాడు, కూతురో కొడుకో వీడియో కాల్లో ఉంటారు. వంట చేసే ఆవిడ వెనక స్టూలు మీద కూర్చొని ఉంటుంది. నేను ఆవిణ్నే అడుగుతాను. పొయ్యికి ఏ పక్క పోపుల పెట్టె పెడతారు, చిమ్నీ ఉందా, కిటికీ ఎటు ఉంది, గట్టు నల్ల గ్రానైటా, సింకు కింద షట్టర్లు, అంటే కప్‌బోర్డు తలుపులు, ఎవరు తుడుస్తారు అని. అప్పటిదాకా మాట్లాడనావిడ లేచి వచ్చి చేత్తో గాలిలో గీసి చూపిస్తుంది. నూనె డబ్బా ఇక్కడ, బియ్యం డబ్బా ఇక్కడ, చేపల పులుసు పెట్టిన రోజు కిటికీ తెరిస్తే గాలి ఇటు కొడుతుంది అని. ఆవిడ మాటలు విన్నాక ఇంటీరియర్ కుర్రాడు తెచ్చిన ఫొటో ఆ వంటింటికి పనికొస్తుందో లేదో అందరికీ తెలిసిపోతుంది.

ఫొటోల్లో ఎక్కువగా ఉండేది పాలతెలుపు షట్టర్లు. మన వంటింట్లో పసుపు ఉంది. పసుపు చేయి తెల్ల షట్టరు పిడి దగ్గర తగిలితే ఎవరైనా ముందు చేసే పని సబ్బునీళ్లతో తుడవడం. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడటం ఆడవాళ్లందరికీ తెలుసు. సబ్బులోనూ క్షారం ఉంటుంది, అదే పని చేస్తుంది. పచ్చగా ఉన్న మరక ఎర్రటి గోధుమ రంగుకు తిరుగుతుంది. తుడిచిన ఆవిడ తానే సరిగ్గా తుడవలేదేమో అనుకొని ఇంకా రుద్దుతుంది, పైపూత మీద గీతలు పడతాయి. పసుపు పడితే ముందు పొడిగుడ్డతో ఎత్తేయాలి, తర్వాత ఉత్త నీటి గుడ్డ. పసుపు రంగు ఎండకు నిలవదు, బట్టల మీద మరక ఎండలో వేస్తే పోయేది అందుకే. కానీ ఎండ పడని మూలన బిగించిన షట్టరుకు ఆ అదృష్టం లేదు.

పోపు ఆవిరి ఇంకోటి. చిమ్నీ ఉన్నా కొంత నూనె పై కప్‌బోర్డుల అంచులకు పట్టి, దాని మీద దుమ్ము చేరి పచ్చటి చార కడుతుంది. పాలతెలుపు మీద అది కొట్టొచ్చినట్టు ఉంటుంది. దంతపు రంగు, లేత ఇసుక రంగు మీద వారం ఆలస్యంగా తుడిచినా అంత కనపడదు. చెక్క తలుపులకు ఆయిల్ ఎనామిల్ తెలుపు వేయించుకునేవాళ్లకు కూడా చెప్పాలి, ఆ తెలుపు కొన్నాళ్లకు తనంతట తానే పచ్చబడుతుంది. వెలుతురు తగలని చోట ఇంకా ఎక్కువ. క్యాలెండర్ తీసిన చోటు, అల్మారా తలుపు లోపలి వైపు చూడండి. కల్తీ డబ్బా ఇచ్చారని మా మీదకు వస్తారు, ఆ రకం నూనె రంగు స్వభావమే అంత. తెలుపే కావాలంటే నీటితో కలిసే ఎనామిల్ అడగండి.

నన్నడిగితే కింది షట్టర్లకు బూడిద కలిసిన ఇసుక రంగు, కాస్త ముదురుగా. గచ్చు కడిగిన నీళ్లు, కాలి మరకలు, పిండి చేతులు, అన్నీ కిందే తగులుతాయి. పై షట్టర్లకు దంతపు రంగు. గోడకు దానికంటే లేతది. గోడకూ షట్టరుకూ ఒకే రంగు కావాలని పట్టుబడతారు కొందరు. సన్‌మైకా రంగు, ఎమల్షన్ రంగు పగలు కలిసినట్టుండి రాత్రి లైటు కింద విడిపోతాయి, కాబట్టి రెండు మెట్లు తేడా ఉంచుకోవడమే నయం. షట్టరు మెరుపు మరీ ఎక్కువైతే ట్యూబులైటు అందులో చారలా కనపడుతుంది, దాని మీద పడిన గీతలూ కనపడతాయి. బొత్తిగా మెరుపు లేని మ్యాట్ అయితే నూనె వేళ్ల ముద్రలు పోవు. మధ్యరకం శాటిన్ మన వంటకు సరిపోతుంది. వంటిల్లు చిన్నదై ఒక్కటే కిటికీ ఉంటే, ఆ షేడ్ వెలుతురును ఎంత తిరిగి ఇస్తుందో చెప్పే అంకె అడగండి. ఎల్ఆర్‌వి అంటారు, 0 నుంచి 100 దాకా ఉంటుంది. 70 దాటినవి చూసుకోండి. కూరలో ఉప్పూకారం చూసుకునే చోట చీకటి ఉండకూడదు.

పూజ గదికి బూడిద వద్దని పెద్దవాళ్లు అంటారు. వాళ్ల మాట తీసేయకండి. దీపం వెలుతురు పచ్చనిది, పసుపు వైపున్న దంతపు రంగు మీద ఆ వెలుతురు నిండుగా ఉంటుంది, నీలం బూడిద మీద మసకబారుతుంది.

పాత కప్‌బోర్డులకు కొత్తగా న్యూట్రల్ రంగు వేయించే ముందు ఒక జాగ్రత్త ఉంది. దీన్ని మీరు పెద్ద అక్షరాల్లో వేస్తే మేలు. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90 భాగాలు) దాటకూడదని కేంద్రం 2016లో నిబంధనలు తెచ్చింది, 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకుముందు వేసిన ఎనామిల్ రంగుల్లో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో, సీసం ఉండొచ్చు. ఆ తలుపులను పొడిగా రుద్దితే లేచే దుమ్ము పసిపిల్లలకు, గర్భిణులకు చాలా చేటు. పెయింటర్ కూడా మనిషే, అతని ఇంట్లోనూ పిల్లలుంటారు. తలుపు తడిపి రుద్దమనండి, మాస్కు ఇవ్వండి, గిన్నెలూ సరుకులూ ముందే తీసేయండి, ఆ దుమ్మును చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో ఎత్తించండి. పిల్లలను ఆ రెండు రోజులు అమ్మమ్మగారింటికి పంపండి.

ఇక మీ పేజీకి నా విన్నపం. ఇంటి ఫొటో వేసినప్పుడు కింద రెండు లైన్లు చేర్చండి. ఆ గది కిటికీ ఏ దిక్కున ఉంది, కింద ఏ బండలు, పైన ఎన్ని కె బల్బు, ఫొటో పగలు తీశారా రాత్రి తీశారా. షేడ్ పేరుకంటే ఈ నాలుగు సంగతులే కొనేవాళ్లకు పనికొస్తాయి. విదేశీ వంటిళ్ల ఫొటోలు వేయండి, కాదనను. వాటితోపాటు పెనుగొండలో పెంకుటిల్లు, తణుకులో రెండు గదుల అపార్ట్‌మెంటు, రోజూ మూడు పూటలా పొయ్యి వెలిగే వంటిల్లు కూడా వేయండి. రంగు వేసిన మర్నాడు కాకుండా రెండేళ్లయ్యాక తీసిన ఫొటోలు వేయండి. ఆ వంటింట్లో వండే ఆవిడ మాటలు ఆవిడ నోటితోనే రాయండి. ఏది తుడవడం తేలిక, ఏది కష్టం, మళ్లీ వేయిస్తే ఏ రంగు వేయిస్తారు అని.

దసరా నుంచి సంక్రాంతి దాకా మా వైపు పెయింటర్లకు ఊపిరాడదు. వినాయక చవితికల్లా మేస్త్రీలకు అడ్వాన్సులు వెళ్లిపోతాయి. మీరు వేయదలచుకుంటే శ్రావణమాసంలో వేయండి, శాంపిల్ ముక్కలు చేసుకొని చూసుకోవడానికి జనానికి వ్యవధి ఉంటుంది.

ఇట్లు,
ఒక రంగుల కొట్టు యజమానురాలు,
తణుకు, పశ్చిమ గోదావరి జిల్లా